మద్దిలేటి సార్ ఎందుకు లేచి నిలబడేవారు

2022 వేసవి. కర్నూలులో ఒక మందుల షాపు పైన, రెండు గదుల్లో నా స్పీచ్ థెరపీ క్లినిక్. కింద మందులు కొనుక్కున్నవాళ్ళు కొందరు మెట్లెక్కి పైకొచ్చి, “ఈడ గొంతు నొప్పికి చూస్తారా మేడం?” అని అడిగేవాళ్ళు. గొంతుకు కాదు, మాటకు చూస్తానని చెబితే, మాటకు కూడా డాక్టర్లుంటారా అని నన్ను ఎగాదిగా చూసేవాళ్ళు. పెళ్ళిళ్ళలో చుట్టాలు అడిగినా ఇదే తంతు. మాటలు ఆలస్యమైన పిల్లలకు నేర్పడం, నత్తి ఉన్నవాళ్ళకు దారి చూపించడం, పక్షవాతంతో మాట పోయినవాళ్ళకు దాన్ని ఎంతో కొంత వెనక్కి తెచ్చిపెట్టడం, ఇదీ నా పని. మూడోది అన్నిటికన్నా కష్టం. పిల్లలకు మాట కొత్త, రాకపోయినా నవ్వుతూ ఆడుకుంటారు. పెద్దవాళ్ళకు నిన్నటిదాకా మాట్లాడిన జ్ఞాపకం ఉంటుంది.

ఆ ఏప్రిల్‌లో కల్లూరు నుంచి ఓబులమ్మ గారు తన భర్తను ఆటోలో తీసుకొచ్చారు. ఆయన పేరు మద్దిలేటి. డోన్‌లో హైస్కూల్ ఇంగ్లీష్ టీచరుగా చేసి రిటైరయ్యారు. కొడుకు కల్లూరులో పైపుల ఫ్యాక్టరీలో పని చేస్తూ ఇల్లు కట్టుకుంటే, ముగ్గురూ అక్కడే ఉంటున్నారు. పక్షవాతం కుడి వైపు కొట్టింది. ఫిజియోథెరపీ చేయించాక చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతున్నారు. మాట మాత్రం సరిగా రావడం లేదు.

ఆయన జబ్బుకు మా భాషలో అఫేసియా అని పేరు. మెదడులో మాటను కూర్చే చోట రక్తం అందక దెబ్బ తగిలితే వస్తుంది. మనిషికి తెలివి పోదు. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నదీ మనసులో ఉంటుంది. నోటిదాకా వచ్చేసరికి పెద్ద మాటలు మిగిలి, వాటిని కలిపే చిన్న మాటలు రాలిపోతాయి. దీన్ని టెలిగ్రాఫిక్ స్పీచ్ అంటాం. వెనకటికి టెలిగ్రాంలో మాటకింత అని తీసుకునేవాళ్ళు కాబట్టి జనం ముఖ్యమైన మాటలు మాత్రమే రాసి పంపేవాళ్ళు. అలాంటి మాటన్నమాట.

మద్దిలేటి సార్ విషయంలో ఇంకో చిత్రం ఉంది. ఆయనకు ముందుగా తిరిగొచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు. రెండు భాషలు బాగా వాడినవాళ్ళలో కొందరికి ఇలా అవుతుంది. ఏది ముందు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇంట్లోవాళ్ళకు ఇది అంతుబట్టలేదు. “మా ఎదురింటామె ఏమనిందో తెలుసునా పాపా?” అన్నారు ఓబులమ్మ గారు నాతో. “ఈయప్పకు ఎవురో తెల్లదొర పట్టినాడంట. దర్గాకు తీసకపొమ్మనె.”

“తీసుకుపోయినారా?”

“పోతిమి. ఆడ గూడా ఇంగ్లీషే మాట్లాడె.”

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వారు గానీ ఆ నవ్వు చివరిదాకా నిలవలేదు. ఎర్రగుంట్ల దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. బడి మొహం చూడలేదు. “పెండ్లయినకాడ్నుంచి నాతో తెలుగులోనే మాట్లాడినాడు మ్మా. ఇప్పుడు నా పక్క చూసి ఇంగ్లీషు మాట్లాడతాండాడు. ఏం కావాల్నో తెలక, నీళ్ళిచ్చేది, అన్నం పెట్టేది, మందిచ్చేది, ఒకటెనక ఒకటి చేస్తాండా. నా మొగం చూసి తెలుగులో ఒక్క మాట చెప్తే నాకంతే చాలు” అన్నారు. ఈ ఒక్క మాట కోసమే ఆమె ఎండలో ఆయన్ను ఆటో ఎక్కించి తెచ్చారు.

మామూలుగా నేను పేషెంటును అడిగితే పక్కనున్నవాళ్ళు జవాబు చెబుతారు. అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చాలామందిని బయట కూర్చోబెట్టాను కూడా. ఓబులమ్మ గారు అలా చేయలేదు. ఆయన కుర్చీ వెనక నిలబడి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ఆయన నోరు విప్పేదాకా ఊపిరి బిగబట్టినట్టు ఉండేవారు. కూర్చోమంటే, “పడతాడేమోనని బయం పాపా, ఈడనే ఉంటా” అనేవారు.

మొదటి రోజు, పొద్దున ఏం జరిగిందో చెప్పమని అడిగాను. సార్ కళ్ళు మూసుకుని, పెదాలు కూడగట్టుకుని, “బాయ్... బ్రింగ్... పేపర్” అన్నారు.

కుర్రాడు పేపర్ తెచ్చాడు. పక్షవాతం వచ్చిన కొన్ని వారాలకే మూడు మాటలు వరసగా రావడం చిన్న విషయం కాదు. వెరీ గుడ్ సార్ అని చప్పట్లు కొట్టబోయాను. ఆయన మొహం ఎర్రబడింది. ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని, వణుకుతూ లేచి నిలబడ్డారు.

“బాత్రూముకు మ్మా” అంటూ ఓబులమ్మ గారు ఆయన్ను పట్టుకున్నారు. ఆయన తల అడ్డంగా ఊపారు. అయినా ఆమె నడిపించుకుపోయారు. తిరిగొచ్చాక కూర్చోబెట్టడానికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన నిలబడే ఉండాలని పట్టుబట్టారు, కాలేమో నిలబడనివ్వలేదు.

ఆ తర్వాత ప్రతి సెషన్‌లోనూ ఇదే. “డాక్టర్... గివ్... ట్యాబ్లెట్” అని లేచేవారు. “డాగ్... బార్క్... నైట్” అని లేచేవారు. అన్నిసార్లూ లేచినా ఒక అర్థం ఉండేది. కొన్ని మాటలకు హాయిగా కూర్చునే ఉండేవారు. ఎలా వచ్చారు సార్ అంటే, “బై ఆటో.” పగలంతా ఎక్కడుంటారంటే, “ఎట్ హోమ్.” మండే, ట్యూజ్‌డే అని వారాలు చెప్పమంటే గడగడా చెప్పి కూర్చునేవారు. వారాలు, ఎక్కాలు, ప్రార్థనలు, నోట్లో నానిపోయిన పడికట్టు మాటలు మెదడు దెబ్బ తిన్నా చాలాసార్లు చెక్కుచెదరకుండా వస్తాయి, అది నాకు కొత్త కాదు. మరి లేవడమెందుకు? ఫైల్లో అసహనం అని రాసుకున్నాను. మాకు అర్థం కాని ప్రతిదానికీ మా దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉంటుంది.

మే నెలలో, ఇంట్లో కొడుకుతో ఏదో చెప్పి, లేచి నిలబడబోయి పడిపోయారు. నుదుటి మీద కుట్లు పడ్డాయి. అసలే పక్షవాతం, దాని మీద ఈ దెబ్బ. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా అయింది. ఇంకోసారి పడి తుంటి ఎముక విరిగితే ఇక మంచం దిగడం ఉండదని ఆస్పత్రిలో గట్టిగా చెప్పి పంపారు. ఆటో ఎక్కించడం కుదరదు కాబట్టి నేనే కల్లూరు వెళ్ళడం మొదలుపెట్టాను.

మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళిన రోజు నేను మరిచిపోలేను. కొత్త ఇల్లు, ఇంకా సున్నం వాసన పోలేదు. వరండాలో సార్ కుర్చీలో ఉన్నారు. మెత్తటి పాత నూలు చీర ఆయన నడుం చుట్టూ తిప్పి కుర్చీ వెనక ముడి వేసి ఉంది. కొడుకు పెద్దవాళ్ళ డైపర్లు కూడా తెచ్చిపెట్టాడు. మాటిమాటికీ లేస్తున్నది బాత్రూముకే అనుకున్నారు మరి. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ప్రేమ లేకపోతే అంత పాత మెత్తటి చీర వెతికి కట్టరు. ముడి వెనక ఓబులమ్మ గారు ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు.

“చీర కట్టినకాడ్నుంచి నోరు తెరవలేదు పాపా” అన్నారు. “ఇంగ్లీషు గూడా పాయె.”

నేను సార్ ఎదురుగా కూర్చుని పలకరించాను. ఆయన గోడ వైపు తిరిగారు. బొమ్మలు చూపించాను. చూడలేదు. వారాలు చెబుదామన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పెదవి కదలలేదు. పక్షవాతం తర్వాత మొదటి నెలలు మాకు చాలా విలువైనవి. తిరిగి రాగల మాటలో ఎక్కువ భాగం అప్పుడే వస్తుంది, వాడితేనే వస్తుంది. ఇప్పుడు ఆ చీర విప్పితే మనిషి పడతాడు, విప్పకపోతే మాట పోతుంది. రెండు వారాలు వెళ్ళాను, రెండు వారాలూ గోడతో మాట్లాడి వచ్చినట్టే అయింది. అడగకపోయినా చెబుతాను, ఆ రోజుల్లో ఇంటికొచ్చి ఒకసారి ఏడ్చాను.

మూడో వారం నేనక్కడ ఉండగా ఒకాయన వచ్చారు. నలభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో ఆపిల్ పళ్ళ సంచి. డోన్‌లో లారీ బుకింగ్ ఆఫీసు నడుపుతారట. సార్ దగ్గర చదువుకున్నారు. విషయం ఆలస్యంగా తెలిసి బయల్దేరి వచ్చారు.

“సార్, నేను గిడ్డయ్యను సార్. టెన్త్ బీ సెక్షను. కడాకు బెంచీ” అన్నారు.

సార్ గోడ వైపు నుంచి తల తిప్పారు. ఆ మొహంలో వెలుగు చూసి నేను కదలకుండా కూర్చున్నాను. “గిడ్డయ్యా” అన్నారు. పేరు స్పష్టంగా వచ్చింది. కాసేపు తడుముకుని, “యూ... బై... లారీ?” అన్నారు. లారీ కొన్నావా అని.

“రెండు ఉండాయి సార్. మీ దయ” అన్నారు గిడ్డయ్య.

సార్ సంతోషంగా తల ఊపారు. మరుక్షణం ఏదో గుర్తొచ్చినట్టు మొహం మారింది. ఎడమ చెయ్యి కుర్చీని పట్టుకుంది. చీర బిగుసుకుంది. ఆయన లేవడానికి పెనుగులాడుతున్నారు.

“అద్దో, మళ్ళా బాత్రూము” అని ఓబులమ్మ గారు ముడి మీద చెయ్యి వేశారు.

గిడ్డయ్య మాత్రం తన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. బడిపిల్లాడిలా చేతులు రెండూ పక్కలకు పెట్టుకుని నిటారుగా నిలబడ్డారు. “బాత్రూము కాదమ్మా. సార్, ఒద్దు సార్. ఆర్టికల్ పడిపోయిందని లేస్తాండారా సార్? కూకోండి సార్, మీ కాళ్ళకు మొక్కుతా.”

సార్ గిడ్డయ్య వైపు చూశారు. తల నిలువుగా ఊపారు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి.

గిడ్డయ్య చెప్పింది విన్నాక మాకు సంగతి అర్థమైంది. ఇంగ్లీషులో నామవాచకం ముందు ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అని చిన్న మాటలు వస్తాయి కదా, వాటినే ఆర్టికల్స్ అంటారు. తెలుగులో అలాంటివి లేవు కాబట్టి మన పిల్లలు పడేస్తూ ఉంటారు. మిగతా టీచర్లు దానికి బెత్తంతో కొట్టేవాళ్ళు. మద్దిలేటి సార్ ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు. ఆయన క్లాసులో ఒకటే పద్ధతి. ఆర్టికల్ పడేసినవాడు తనంతట తానే లేచి నిలబడాలి. వాక్యం సరిగ్గా చెప్పాక కూర్చోవాలి. ఎవరూ అరవరు, ఎవరూ నవ్వరు.

“మాకే కాదు మేడం” అన్నారు గిడ్డయ్య. “ఒకనాడు సారే బోర్డు మీద రాస్తా రాస్తా ఒక ‘ది’ మరిచిపాయె. మేం చెప్పితిమి. సుద్దముక్క కింద పెట్టి, మా బెంచీల పక్కకొచ్చి మాతోపాటు నిలబడినాడు. రూలంటే అందరికీ ఒకటే అనె. అప్పుట్నుంచి ఈయప్ప మాటంటే మాకు వేదమే.”

ఓబులమ్మ గారు చీర ముడి పట్టుకున్న చోటే ఉండిపోయారు. “నేను కట్టేసినా గదప్పా” అన్నారు చివరికి. “రూలు పాటిస్తాండే మనిషిని పట్టి కుర్చీకి కట్టేసినా గదా!” కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె ఏడుస్తుంటే గిడ్డయ్య తల దించుకున్నారు. నాకూ దుఃఖం ఆగలేదు. పేషెంట్ల ఇళ్ళలో ఏడవకూడదని మాకు నేర్పుతారు. ఆ పాఠం ఆ రోజుకు పక్కన పెట్టాను.

నాకు ఇంకొక అనుమానం మిగిలింది. బై ఆటో అన్నప్పుడు, ఎట్ హోమ్ అన్నప్పుడు ఎందుకు లేవలేదు? అడిగితే గిడ్డయ్య కళ్ళు తుడుచుకుని నవ్వారు. “వాటికి ఆర్టికల్ అక్కర్లేదు మేడం. మాకు సార్ చెప్పిందే చెప్తా. పిల్లోడు సదువుకోను పోతే గో టు స్కూల్. వాళ్ళమ్మ మరిచిపోయిన క్యారియర్ ఇయ్యను పోతే గో టు ది స్కూల్. పిల్లోనికి బడంటే పని. వాళ్ళమ్మకు బడంటే ఆ బిల్డింగు.”

నేను ఇంటర్‌లో ఇవన్నీ చిలక పలుకుల్లా బట్టీపట్టినదాన్నే. ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు. మనం బస్సులో వచ్చామంటే ఏ బస్సు అని ఎవరూ అడగరు, ఎలా వచ్చామన్నదే కావాలి. అలాంటి చోట ఇంగ్లీషు కూడా ఆర్టికల్‌ను వదిలేస్తుంది. బై బస్, ఆన్ ఫుట్, ఇన్ బెడ్, డే బై డే. చిన్న మాట లేకపోయినా అవి లోటు లేని మాటలే. నా పేషెంటుకు అవే సులువుగా వస్తున్నాయి, ఆయన తప్పు పట్టుకోనివి కూడా అవే. నాకు చేతికి కొస దొరికినట్టయింది.

తర్వాతి సెషన్‌లో నేను గురువు స్థానం దిగిపోయాను. “సార్, నాకు ఇంగ్లీషు సరిగా రాదు. నేను చెబుతాను, లేవాలో వద్దో మీరు చెప్పండి” అన్నాను. ఐ కేమ్ బై బస్ అన్నాను. ఆయన అనుమానంగా చూసి, చెయ్యి కిందికి ఊపారు. కూర్చోమని. ఐ సా డాగ్ అన్నాను. వేలు పైకి లేచింది. నేను లేచి నిలబడ్డాను. ఏమీ తెలియనట్టు పైకప్పు చూస్తూ నిలబడితే, సార్ భుజాలు కదిలాయి. ఆ మనిషి నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఐ సా ఎ డాగ్ అని సరిచేశాక కూర్చోనిచ్చారు. ఆ రోజు నన్ను ఆయన ఎన్నోసార్లు లేపారు. ఇంటికి వెళ్ళేసరికి పిక్కలు పట్టేశాయి.

నన్ను లేపడం సరే, ఆయన లేవకుండా మాట్లాడాలి కదా? లేస్తే పడతారన్న భయంతో చీర ముడి ఇంకా విప్పలేదు. పడికట్టు మాటలతో ఎంతసేపు కాపురం నడుస్తుంది? మర్నాడంతా ఆలోచించి, ఇంకోసారి వెళ్ళినప్పుడు వాళ్ళ అలమరలో బ్రౌన్ అట్ట వేసిన ఆయన పాత డిక్షనరీ తీశాను. చేతిలో ఇమిడే చిన్న పుస్తకం. ఇప్పటి డిక్షనరీలు కొన్ని పూర్తి వాక్యాలు రాస్తున్నాయి గానీ, ఆ పాతకాలం చిన్నవాటిలో జాగా కోసం ఆర్టికల్స్ వదిలేసేవాళ్ళు. నిచ్చెనకు అర్థం తీసి పెద్దగా చదివాను. ఫ్రేమ్ విత్ స్టెప్స్, యూజ్డ్ ఫర్ క్లైంబింగ్. “సార్, ఇక్కడ ‘ఎ ఫ్రేమ్’ అని లేదే. ఇది తప్పా?”

ఆయన పుస్తకం దగ్గరికి లాక్కుని చూశారు. “నో” అన్నారు. “స్టైల్.”

“అయితే మనమూ ఈ రోజు నుంచి డిక్షనరీ స్టైల్లో మాట్లాడదాం. అందులో ఎవరూ లేవక్కర్లేదు.”

నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. తర్వాత పుస్తకాన్ని వేలితో తట్టి, “బుక్... యెస్” అన్నారు. తన నోటిని తాకి, “మౌత్... నో” అన్నారు. పుస్తకానికి చెల్లింది, నోటికి చెల్లదు. ఆ మాటల్లో కూడా ఆర్టికల్స్ పడిపోయాయి కాబట్టి ఎడమ చెయ్యి మళ్ళీ కుర్చీని పట్టుకుంది. నాకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఇంగ్లీషు మేష్టారితో ఇంగ్లీషులో వాదనకు దిగితే మరేమవుతుంది?

“ఏంది పాపా, ఏమిటికి కొట్లాడుకుంటాండారు?” అన్నారు ఓబులమ్మ గారు వెనక నుంచి.

నేను తెలుగులో చెప్పాను. ఈ పుస్తకంలో జాగా చాలక చిన్న మాటలు వదిలేశారు, అర్థానికి ఏ లోటూ రాలేదు, అది తప్పు కాదని సారే ఒప్పుకున్నారు, తను మాత్రం అలా మాట్లాడకూడదంటున్నారు అని.

ఆమె కుర్చీ పక్కగా వచ్చి ఆయన మొహంలోకి వంగి చూశారు. “జాగా లేకుంటే పుస్తకంలోనే ఇడిసిపెడతారంట. నీ నోట్లో గూడా ఇప్పుడు రొంత జాగా తక్కువుండాది సామీ. పెద్ద మాటలు రానీ. చిన్నవి జాగా అయినప్పుడు వస్తాయిలే” అన్నారు.

సార్‌కు తెలుగు అర్థమవుతుంది. ఆయన ఆమె వైపు అలాగే చూస్తూ ఉన్నారు. ఎదురింట్లో ఎవరో పంపు ఆపారు, నీళ్ళ శబ్దం ఆగిపోయింది. కుర్చీని పట్టుకున్న చెయ్యి మెల్లగా వదులైంది. ఆయన వెనక్కి వాలి కూర్చున్నారు.

ఓబులమ్మ గారు అప్పటికప్పుడు చీర ముడి విప్పేశారు. నేను వారించబోయి ఆగిపోయాను.

అక్కడి నుంచి పని దారిలో పడింది. వస్తువు చూపిస్తే దాన్ని డిక్షనరీలా వివరించడమే మా వ్యాయామం. మాట తట్టని పేషెంట్ల చేత వస్తువు గుణాలు చెప్పించడం మా వృత్తిలో ఉన్న పద్ధతే. దానికి ఆయన పుస్తకాన్ని తోడు చేసుకున్నాం, అంతే. “చైర్. సీట్. వన్ పర్సన్. ఫోర్ లెగ్స్.” లేవలేదు. “అంబ్రెల్లా. క్లాత్. స్టిక్. రెయిన్” అని, కిటికీలోంచి బయటి ఎండ చూసి, “కర్నూల్... నో యూజ్” అన్నారు. ఒకరోజు తన గుండెల మీద చెయ్యి పెట్టుకుని, “మద్దిలేటి. ఓల్డ్ మ్యాన్” అని, చేతికర్ర నేలకు తాటించి, “త్రీ లెగ్స్” అన్నారు. నేను పకపకా నవ్వితే ఓబులమ్మ గారు అర్థం అడిగారు. చెప్పాను. “ఎగతాళి గూడా వచ్చెనా? ఇంగ మా ఆయప్ప మాకు దొరికినట్టే” అన్నారామె. అలా చెప్పి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

డైపర్లు పోయాయి. కుట్లు మానాయి. వానలు మొదలయ్యేసరికి ఇంగ్లీషు మాటల మధ్య తెలుగు మాటలు కనపడసాగాయి. నీళ్ళు. మందు. ఎండ. ప్రత్యయాలు లేవు, క్రియలు లేవు. తెలుగుకు ఆర్టికల్స్ లేవు గానీ రాలిపోవడానికి దానికీ చిన్న ముక్కలున్నాయి. వాటికి మాత్రం ఆయన బాధపడలేదు. ఆయన రూలు ఇంగ్లీషు క్లాసుది. అయినా ఆ తెలుగు మాటలు వస్తువుల పేర్లే. గిడ్డయ్య వస్తే ఆయన పేరు పలికేవారు, నన్ను మేడం అనేవారు. భార్య వైపు చూసి మాత్రం నోరు తెరిచి, పదం అందక మూసుకునేవారు. పక్షవాతంలో ఒక్కోసారి బాగా దగ్గరివాళ్ళ పేరే నోటికి రాదు. అది ప్రేమకు కొలత కాదని నేను ఆమెకు చాలాసార్లు చెప్పాను. “నాకు తెలుసులే పాపా” అనేవారు. తెలిసినా ఎదురు చూడటం మానలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం నేను బొమ్మలు పరిచి కూర్చున్నాను. ఓబులమ్మ గారు ఎప్పటిలాగే కుర్చీ వెనక ఉన్నారు. ఇప్పుడు ఆయన లేవడం లేదు, పడే భయం తగ్గింది, అయినా ఆమె అలవాటు మారలేదు. మోకాళ్ళ నొప్పులతో బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి మార్చుకుంటున్నారు. నేను బల్ల బొమ్మ చూపించాను. సార్ బొమ్మ చూడలేదు. మెడ కష్టంగా వెనక్కి తిప్పి, తల ఎత్తి ఆమెను చూశారు. ఎడమ చేత్తో తన పక్కనున్న ఖాళీ కుర్చీని తట్టారు. పెదాలు కూడాయి, విడిపోయాయి, మళ్ళీ కూడాయి.

“ఓబులమ్మా” అన్నారు. “కూకో.”

ఆమెకు వెంటనే తెలియలేదు. “నేను బాగనే ఉండాలే, నువ్వు చెప్పు” అన్నారు అలవాటుగా. అని, ఆగిపోయారు. ఆయన మళ్ళీ కుర్చీ తట్టారు. ఈసారి క్లాసు చివరిదాకా వినపడే మేష్టారి గొంతుతో అన్నారు. “కూకో.”

ఆమె ముందుకొచ్చి, కొంగు సర్దుకుని, ఆ కుర్చీ అంచున కూర్చున్నారు. నేను బొమ్మలు సంచిలో పెట్టేసుకున్నాను. ఆ రోజుకు చెప్పించాల్సింది ఇంకేమీ లేదనిపించింది.

ఆ కేసు తర్వాత కొత్త పేషెంటు ఇంటికి వెళితే నేను ముందు నోరు తెరిపించి చూడను. ఈయన ఏం పని చేసేవారు, ఆ పనిలో పట్టుదల దేని మీద, ఇంట్లో ఎవరు ఆయన మాట కోసం కాచుకుని ఉన్నారు అని అడుగుతాను. జబ్బు మాటను తీసుకుపోతుంది గానీ, మనిషి బతుకంతా పాటించిన మర్యాదను తీసుకుపోలేదు. అది ఏదో ఒక రూపంలో బయటపడుతూనే ఉంటుంది, మనకు పిచ్చిగానో మొండితనంగానో కనపడుతుంది. ఎవరైనా పేషెంటు కారణం లేకుండా ఏదైనా చేస్తున్నాడని ఇంట్లోవాళ్ళు చెబితే నేనిప్పుడు ఫైల్లో పేరు రాయను. ఒక కుర్చీ వేయించి, ఆ ఇంట్లో అన్నాళ్ళుగా నిలబడి ఉన్న మనిషిని కూర్చోమని, మొదటి నుంచి చెప్పమంటాను.